చార్టులో చివరి వరుస

ఆగస్టు 4

ఈ నోటుబుక్కు ఎవరికీ చూపించేది కాదు. మా ఇంట్లో సలహాలు చెప్పేవాళ్ళకు కొదవ లేదు, వినేవాళ్ళకే కరువు. నేను చెప్పేది వినే మనిషి ఒకరైనా ఉండాలని ఈరోజు మొదలుపెట్టాను.

జల్లెడ మేడమ్ ఆఖరి ఏడాది వాళ్ళందరినీ కూర్చోబెట్టుకున్నారు. స్కూల్లో పై చదువుల సంగతి చూసేది ఆవిడే. ఎవరెంత ఘనమైన లిస్టు పట్టుకెళ్ళినా జల్లించి సగం కింద పోసేస్తారు కాబట్టి ఆ పేరు. సెప్టెంబరు నెలాఖరుకల్లా ఒక్కొక్కరూ ఎనిమిది కాలేజీల లిస్టు ఇవ్వాలట. ఎనిమిదికి మించి ఒక్క దరఖాస్తు కూడా స్కూలు పంపదట. అందులో కొన్ని ఎగిరి అందుకోవాల్సినవి, కొన్ని చేయి చాస్తే అందేవి, కొన్ని ఇప్పటికే చేతిలో ఉన్నవి అయ్యుండాలట.

"చేతిలో ఉన్న కాలేజీ కూడా మీరు నవ్వుకుంటూ వెళ్ళేదై ఉండాలి. ఏడుస్తూ వెళ్ళే కాలేజీ పేరు రాస్తే నేను ఒప్పుకోను" అన్నారు.

నా లిస్టులో ప్రస్తుతం ముప్ఫై ఒకటి ఉన్నాయి. జల్లెడకి చేతినిండా పని.

సబ్జెక్టు మాత్రం తేలిపోయింది. ఖాయం: భూగర్భశాస్త్రం. సాయంత్రం మా కళ్ళజోళ్ళ షాపుకి ఒకావిడ వచ్చింది. నాన్న ఎవరి కళ్ళు పరీక్ష చేసినా ముందు ఒకటే అడుగుతాడు, "రోజంతా ఏం చూస్తుంటారు?" అని. దగ్గరి పనికి ఒక పవరు, దూరానికి ఒక పవరు కదా. ఆవిడ "రాళ్ళు" అంది. అని ఊరుకోకుండా సంచీలోంచి ఒకటి తీసి బల్లమీద పెట్టింది. నల్లరాయి, నడుమ సన్నటి తెల్లచార. ఆ చార ఎలా పుట్టిందో చెబుతుంటే నేను ఆవిడ వివరాల కార్డు రాయడం మర్చిపోయి నోరు తెరుచుకుని విన్నాను. ఇక మారేది లేదు.

ఆగస్టు 5

మారింది. వయొలిన్లు తయారుచేసే పెద్దాయన వచ్చాడు. ఖాయం: ధ్వనిశాస్త్రం.

ఆగస్టు 9

జల్లెడ మేడమ్ ముందు ముప్ఫై ఒకటీ పెట్టాను. ఒక్కో పేరు మీద వేలు పెట్టి "ఇదెందుకు?" అని అడిగారు.

"పేరు బాగుంది మేడమ్."

"ఇది?"

"చెట్లెక్కువ."

"ఇది?"

"మా పక్కబెంచీ అక్కడికి రాస్తోంది మేడమ్."

"ఆ అమ్మాయి పశువుల డాక్టరు కోర్సుకి రాస్తోంది. నువ్వు కూడా గేదెల్ని చూస్తావా?"

చూస్తే తప్పేముంది, గేదెలు నాకిష్టమే. కానీ ఆవిడ మొహం చూసి ఊరుకున్నాను. చివరికి పద్నాలుగు మిగిలాయి. అప్పుడు పెన్ను పక్కన పెట్టి నెమ్మదిగా అన్నారు: "చూడమ్మా, నువ్వింకా ఏమీ నిర్ణయించుకోలేదు. అది నేరం కాదు. అలాంటివాళ్ళు వెతుక్కోవాల్సినవి వేరే ఉంటాయి. మొదటి ఏడాది ఏ సబ్జెక్టయినా రుచి చూడనిచ్చేవి, అన్ని శాఖలూ ఉన్నవి, మధ్యలో మారతానంటే కసురుకోనివి. అలాంటివి ఏరుకో."

నాకు ఒళ్ళు మండింది. నేను నిర్ణయించుకోలేదా? రోజూ నిర్ణయించుకుంటున్నాను!

ఒక్క విషయంలో మాత్రం ఆవిడకు పని పెట్టలేదు. చేతిలో ఉన్న కాలేజీ నేనే రాసుకొచ్చాను: మా వీధి చివరి కంటి కాలేజీ. కళ్ళు పరీక్షించడం, అద్దాలు తయారుచేయడం నేర్పుతారు. నాన్న అక్కడే చదివాడు. నా మార్కులకు పిలిచి మరీ సీటిస్తారు. నాన్న కళ్ళు చూస్తాడు, అమ్మ వెనక గదిలో అద్దాలు కోసి ఫ్రేముకి సరిపెడుతుంది, నానమ్మ ముందు ఎత్తు స్టూలు మీద కూర్చుని ఎవరి మొహానికి ఏ ఫ్రేమో తీర్పు చెబుతుంది. నాలుగో కుర్చీ నాది. అంతా అమరినట్టే ఉంది.

నాకేం అభ్యంతరం లేదు.

ఆగస్టు 11

కంటి కాలేజీ గురించి మళ్ళీ ఆలోచించాను. నాకేం అభ్యంతరం లేదు. నిజంగానే లేదు.

ఆగస్టు 16, శనివారం

కొండమీది కాలేజీ చూడడానికి పక్కబెంచీతో కలిసి వెళ్ళాను. ఈ పిల్ల ఆరేళ్ళ వయసు నుంచీ పశువుల డాక్టరవుతాననే అంటోంది. ఇలాంటివాళ్ళతో స్నేహం ఆరోగ్యానికి మంచిది కాదు.

మొదటి బస్సు నా కళ్ళముందే వెళ్ళిపోయింది. ఈ బస్సులకు నంబర్లు వేసేవాడెవడో గానీ చీమలు చదువుకోవడానికి వేసినట్టు వేస్తాడు. ముక్కు దగ్గరికి వచ్చి దాటిపోయేదాకా ఏ బస్సో తెలియదు. పక్కబెంచీ అటు తిరిగి టికెట్టుకి చిల్లర వెతుక్కుంటోంది కాబట్టి నేరం నామీదే పడింది.

కాలేజీ పెద్దది. మేం ఆలస్యంగా వెళ్ళడంతో క్లాసు హాల్లో చివరి వరుసే దొరికింది. లెక్చరరు మాట బాగుంది గానీ రాత మాత్రం ఘోరం. బోర్డంతా సుద్ద అలికేసినట్టుంది. ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. పక్కబెంచీ మాత్రం చకచకా రెండు పేజీలు రాసుకుంది. ఎలా చదివావే అంటే "కళ్ళతో" అంది. డాక్టరు కాబోతోంది కదా, అలాంటి రాత చదవడం ఇప్పట్నుంచే అలవాటు చేసుకుంటోందన్నమాట.

కొండమీది కాలేజీ కొట్టేశాను. పాఠం చెప్పడం రాని చోట నాకేం పని.

ఆగస్టు 20

ఖాయం: పటాలు గీసే విద్య. దానికి సరైన పేరు రేపు కనుక్కోవాలి.

ఆగస్టు 23

నది పక్క కాలేజీ చూశాను. బంగారం! క్లాసుకి పన్నెండు కుర్చీలు, బోర్డు చేతికందేంత దూరంలో. ఆ లెక్చరరమ్మ ఎంత చక్కగా రాస్తుందో. అసలు చదువు అంటే ఇలా ఉండాలి. ఇలాంటి చిన్న కాలేజీలే వెతకాలని నిర్ణయించుకున్నాను. చూశారా మేడమ్, నాకూ ఒక పద్ధతి ఉంది.

తిరిగి వస్తుంటే మావయ్య ఎదురు ఫుట్‌పాత్ మీద కనిపించాడు. చెయ్యూపి, గట్టిగా పిలిచి, రోడ్డు దాటి వెళ్ళాను. మావయ్య కాదు. ఆ పెద్దమనిషి మర్యాదగా "నన్నేనా అమ్మా?" అన్నాడు. అచ్చం మావయ్యలాగే ఉన్నాడు, మీసం, బట్టతల, ఎత్తు తప్పించి.

ఆగస్టు 30, శనివారం

శనివారం షాపు కిటకిట. కార్డులు రాసేది నేను. నానమ్మ మంచి ఊపు మీదుంది. ఒక కుర్రాడు గుండ్రటి ఫ్రేము అడిగితే "నీ మొహమే గుండ్రం నాయనా. దానిమీద మళ్ళీ గుండ్రాలెందుకు, సున్నాలో సున్నా!" అని పలకలది ఇచ్చి పంపింది. వాడు అద్దంలో చూసుకుని మురిసిపోయాడు కూడా.

అంతవరకు బాగానే ఉంది. ఆ తర్వాత నానమ్మకు నేను గుర్తొచ్చాను. వచ్చినవాళ్ళందరికీ నన్ను చూపించి, "మా మనవరాలండీ. కాలేజీకి రాస్తోంది. ఏం చదవాలో దీనికి తెలియదు. మీకేమైనా తోస్తే చెప్పండి, మొహమాటపడకండి" అని మొదలుపెట్టింది. ఎవరు మొహమాటపడతారు? కేకుల మీద పువ్వులు దిద్దే ఆవిడ వంట చదవమంది. కోర్టులో టైపు చేసే ఆయన లా తప్ప ఏదైనా చదవమన్నాడు. పళ్ళ డాక్టరు దగ్గర పనిచేసే అమ్మాయి నన్ను నోరు తెరవమని, "పళ్ళు బాగున్నాయి" అని ఊరుకుంది. నేలలోకి దిగిపోదామనిపించింది. అయినా కేకులావిడ చేతివేళ్ళు చూశాక ఒక అరగంట మాత్రం ఖాయం: వంట.

చివరికి మా రూటు బస్సు డ్రైవరు వచ్చాడు. కొత్త అద్దాలు తీసుకోవడానికి. నానమ్మ అడక్కముందే ఆయనే అందుకున్నాడు.

"ఈ పాప మీ అమ్మాయా సారూ? రోజూ నా బస్సే ఎక్కుతుంది. కానీ ఒక్కనాడూ చెయ్యెత్తి ఆపదండీ. నిలబడి నావైపే చూస్తుంటుంది. నేను పోయాక వెనకాల పరిగెడుతుంది. అద్దంలో కనబడి నేనే ఆపుతుంటాను."

అందరూ నవ్వారు. నంబర్లు చీమల్లా ఉంటే ఏం కనబడతాయని నేను అన్నాను. పోయిన నెలే కొత్త పెయింటుతో పెద్ద అంకెలు వేశారని డ్రైవరు అన్నాడు. నాన్న నవ్వలేదు. నావైపు కాసేపు చూసి లోపలికి వెళ్ళిపోయాడు. షాపులో అల్లరి ఎక్కువైందని కోపం వచ్చి ఉంటుంది.

సెప్టెంబరు 2

పక్కబెంచీ లిస్టు ఇచ్చేసింది. ఎనిమిదీ పశువుల కాలేజీలే. జల్లెడ మేడమ్ ఒక్కటి కూడా తీయలేదట. నాకేం ఈర్ష్య లేదు. ఉంది.

సెప్టెంబరు 6

నా ఎనిమిదీ పూర్తయ్యాయి. సంతోషంగా పట్టుకెళ్ళాను. మేడమ్ పైనుంచి కిందికి చదివి, మళ్ళీ కిందినుంచి పైకి చదివారు.

"ఇది ఎనిమిది కాలేజీల లిస్టు కాదమ్మా. ఒకే కాలేజీని ఎనిమిదిసార్లు రాశావు."

"అన్నీ వేరే వేరే మేడమ్."

"అన్నీ చిన్నవే. అన్నీ దగ్గరవే. ఒక్కోదాంట్లో రెండేసి, మూడేసి సబ్జెక్టులు. నది పక్క కాలేజీలో ఏముంది? భాషలు, చరిత్ర. నువ్వు నెల రోజుల్లో నాకు చెప్పిన సబ్జెక్టుల్లో ఆ రెండూ లేవు. రాళ్ళు లేవు, వయొలిన్లు లేవు, పటాలు లేవు. ఎగిరి అందుకోవాల్సింది ఒక్కటీ లేదు. కొండమీది కాలేజీ ఎందుకు తీసేశావు? నీలాంటివాళ్ళకు అంతకన్నా సరిపోయేది ఈ చుట్టుపక్కల లేదు. నీ మార్కులకు చేయి చాస్తే అందుతుంది."

"అక్కడ రాత బాగోలేదు మేడమ్."

ఆవిడ చివరి పేరు మీద వేలు పెట్టారు. కంటి కాలేజీ.

"మిగతావన్నీ కాదంటే ఇక్కడికి నవ్వుకుంటూ..."

"వెళ్తాను మేడమ్" అన్నాను, ఆవిడ మాట పూర్తి కాకముందే.

లిస్టు వెనక్కి ఇచ్చేశారు. వచ్చే వారం మళ్ళీ రమ్మన్నారు. ఇంటికి వచ్చి అన్నం సగంలో వదిలేశాను. తలనొప్పి. ఈ మధ్య రోజూ వస్తోంది, ఈ లిస్టు వల్లే.

సెప్టెంబరు 7, ఆదివారం

ఈరోజుది వివరంగా రాయాలి. ఏదీ వదలకూడదు.

ఆదివారం షాపు మూసి ఉంటుంది. పొద్దున నాన్న "అమ్మలూ, ఒకసారి లోపలికి రా" అన్నాడు. పరీక్ష గదిలో కుర్చీలో కూర్చోబెట్టాడు. వచ్చినవాళ్ళు కూర్చునే కుర్చీ. ఇన్నేళ్ళలో ఆటకి తప్ప దానిలో నేను కూర్చోలేదు. మా ఇంట్లో కళ్ళజోడు లేనిది నాకొక్కదానికే. నాలుగేళ్ళప్పుడే చార్టు కింద కూర్చుని చివరి వరుస గడగడా చదివేదాన్నని నాన్న అందరికీ చెప్పుకుని మురిసిపోతుంటాడు.

నాన్న చేతిలో నా లిస్టు ఉంది. బల్లమీద వదిలేసినట్టున్నాను.

"ఎనిమిదింట్లో ఏది కావాలని అడిగితే ఎవరూ చెప్పలేరు. మేం అద్దాలు అలా అడగం కదా. రెండు చూపిస్తాం. ఇది బాగుందా, ఇది బాగుందా అంటాం. అలా చేద్దామా?" అన్నాడు.

సరేనన్నాను. కాసేపు సరదాగానే సాగింది. ఈ చిన్న కాలేజీయా, ఆ చిన్న కాలేజీయా. ఒకచోట తోట ఉందని, ఒకచోట క్యాంటీను బాగుందని చెప్పాను. వెనక గదిలోంచి అమ్మ కూడా వచ్చి గుమ్మంలో నిలబడింది. నానమ్మ తన స్టూలు లాక్కుని మరీ వచ్చింది.

"కంటి కాలేజీయా, నది పక్క..."

"కంటి కాలేజీ."

"కంటి కాలేజీయా, కొండ..."

"కంటి కాలేజీ."

"కంటి..."

"అదే నాన్నా, అదే."

నాన్న లిస్టు మడిచి జేబులో పెట్టుకున్నాడు. గోడవైపు చూపించాడు. "చార్టులో చివరి వరుస చదువు."

ఇప్పుడెందుకు అనుకుంటూనే చదివాను. "ర, న, ఠ, వ, గ."

"మళ్ళీ."

"ర, న, ఠ, వ, గ."

నానమ్మ ముందుకు వంగి, తన కళ్ళజోడు సర్దుకుని, గోడవైపు చూసింది. "ఠ ఎక్కడుందే అందులో?"

అమ్మ పకపకా నవ్వి, వెంటనే చేత్తో నోరు మూసుకుంది. నాన్న అప్పుడు చెప్పాడు. చార్టు మార్చాడు. బస్సు డ్రైవరు మాట విన్న రోజే కొత్తదానికి కబురు పెట్టాడట, నిన్న వచ్చిందట, రాత్రి గోడకు తగిలించాడట. నేను చదివింది పాత చార్టు. కొత్తదాంట్లో చివరి వరుస కాదు కదా, మూడో వరుస దాటితే నాకు అన్నీ చీమలే.

"అంటే నాకు కళ్ళు కనబడవా?" అన్నాను. ఏడుపొచ్చేసింది.

"దగ్గరివి బ్రహ్మాండంగా కనబడతాయి. దూరమే మసక. పెద్దదేం కాదు" అన్నాడు నాన్న. కానీ ఆయన మొహం చిన్నబోయింది. "ఊళ్ళో అందరి కళ్ళూ చూశాను. నువ్వు గడగడా చదివేస్తుంటే ఇంకేం చూస్తాం అనుకున్నాను."

"ఒరేయ్, అది నాలుగేళ్ళప్పుడు నేర్చుకున్న పాఠంరా. నువ్వేమో రోజూ ఒప్పజెప్పించుకున్నావు" అంది నానమ్మ.

అప్పుడు నాన్న నా ఎదురుగా చిన్న స్టూలు వేసుకుని కూర్చున్నాడు. "ఈ కుర్చీలో కూర్చున్నవాళ్ళెవరైనా నా ప్రశ్న పూర్తి కాకముందే జవాబు చెబితే, వాళ్ళు చూడకుండా చెబుతున్నారని నాకు తెలుస్తుంది. చార్టు విషయంలోనే కాదు. కంటి కాలేజీ ఎవరికోసం రాశావు?"

చెప్పకూడదనుకున్నాను. చెప్పేశాను. "నీకోసం."

"నేనెప్పుడైనా రాయమన్నానా?"

"అనలేదు. అందుకే రాశాను. నువ్వు అడగవు. అడగలేక ఊరుకుంటావు. రేపు షాపు ఎవరు చూసుకుంటారు?"

"నాకింకా యాభై నిండలేదే! అప్పుడే నన్ను కుర్చీలోంచి లేపేస్తున్నావా?"

"సగం షాపు నాది. నన్నడక్కుండా తండ్రీ కూతుళ్ళు పంచేసుకుంటున్నారేంటి?" అంది అమ్మ గుమ్మంలోంచి.

"మరి నా స్టూలో?" అంది నానమ్మ.

నవ్వొచ్చింది. ఏడుపు ఆగలేదు. రెండూ కలిపి ముక్కులోంచి వచ్చాయి. అమ్మ వచ్చి కొంగుతో మొహం తుడిచి, "అక్కడికి వెళ్ళాలని నీకుందా?" అని అడిగింది. ప్రశ్న పూర్తయ్యేదాకా ఆగాను. కాసేపు ఆలోచించాను కూడా. "లేదమ్మా" అన్నాను. ఆ మాట నా నోటినుంచి రావడం నేనే మొదటిసారి విన్నాను. చాలా తేలిగ్గా అనిపించింది.

ఆ తర్వాత అసలు పరీక్ష. ముక్కుమీద బరువైన గుండ్రటి ఫ్రేము పెట్టి, నాన్న అద్దాలు ఒక్కోటీ మారుస్తూ పోయాడు. ఇది బాగుందా, ఇది బాగుందా. ఇదా, ఇదా. మొదట్లో తేడా కొట్టొచ్చినట్టు తెలిసింది. పోనుపోను కష్టమైంది. చివరికి ఎంత చూసినా తేల్చుకోలేక, సిగ్గుపడుతూ అన్నాను, "రెండూ ఒకేలా ఉన్నాయి నాన్నా. సారీ."

"సారీ ఎందుకు? అయిపోయింది" అన్నాడు. "ఆ మాట కోసమే ఇంతసేపూ అడిగాను. రెండూ ఒకేలా ఉన్నాయంటే సరైన పవరు దగ్గరికి వచ్చేశామన్నమాట. ఇక ఏది పెట్టినా బాగానే కనబడుతుంది."

నా పేరు మీద కార్డు కూడా రాశాడు. రోజంతా ఏం చూస్తుంటావు అని అడిగితే ఏం చెప్పాలో తెలియలేదు. అక్కడ ఖాళీ వదిలేశాడు. "ఫరవాలేదు, అద్దాలైతే వస్తాయి" అన్నాడు.

సెప్టెంబరు 8

కొట్టేసిన కాలేజీలన్నీ మళ్ళీ తీసి చూశాను. పద్నాలుగులో ఆరు "రాత బాగోలేదు" అని కొట్టేసినవే. పాపం ఆ లెక్చరర్లు!

సెప్టెంబరు 10

కళ్ళజోడు వచ్చింది. అద్దాలు అమ్మ కోసింది, ఫ్రేము నానమ్మ ఏరింది. నేను ఒకటి చూపిస్తే "అది నీ ముక్కుకి నిలవదు, జారుబండ" అంది. సరే, ఆవిడ ఇచ్చిందే పెట్టుకున్నాను. బాగుంది, ఒప్పుకోక తప్పదు.

ఎదురింటి గోడకి ఇటుకలున్నాయి! ఇటుకల మధ్య గీతలున్నాయి! చెట్టుకి ఆకులు ఒక్కొక్కటిగా ఉన్నాయి. ఇన్నాళ్ళూ నేను చూసింది పచ్చటి ముద్ద. వీధికి అవతల నిలబడి షాపులోకి చూస్తే వెనక గది తలుపులోంచి అమ్మ కనిపించింది. అద్దం కోసేటప్పుడు నాలుక కొన బయటపెట్టి పనిచేస్తుందని నాకు తెలియదు. చాలాసేపు అక్కడే నిలబడి చూశాను.

తలనొప్పి కూడా లేదు. లిస్టుని అనవసరంగా తిట్టాను.

సెప్టెంబరు 13, శనివారం

కొండమీది కాలేజీకి మళ్ళీ వెళ్ళాను. కావాలనే చివరి వరుసలో కూర్చున్నాను. అదే లెక్చరరు. ముత్యాల్లాంటి అక్షరాలు! వంతెనలు గాలికి ఎందుకు ఊగుతాయో చెబుతూ బోర్డుమీద బొమ్మ గీశాడు. అడుగున సన్నగా రాసిన అంకెలు కూడా చదివాను. పక్కబెంచీ నా మోచేయి మీద పొడిచి "రాత ఎలా ఉంది?" అంది. ఇక జన్మంతా దెప్పుతుంది.

క్లాసు అయ్యాక ధైర్యం చేసి ఆయన దగ్గరికి వెళ్ళి ఒక ప్రశ్న అడిగాను. చెప్పాడు. చెప్పి, "ఏ సబ్జెక్టుకి వస్తున్నావమ్మా?" అన్నాడు.

వంతెనలు అనబోయాను. నాలుక చివరిదాకా వచ్చింది. ఆగి, "ఇంకా తెలియదండీ" అన్నాను.

"మా దగ్గర మొదటి ఏడాది సగంమంది అంతే. అన్ని క్లాసుల్లోనూ దూరి చూడు" అన్నాడు, సుద్ద దులుపుకుంటూ. ఏమీ వింతగా చూడలేదు.

మధ్యాహ్నం మొక్కల క్లాసులో దూరాను. ఆ తర్వాత పాత నాణేల క్లాసులో. మూడూ బాగున్నాయి. మూడూ ఖాయం చేయలేదు.

సెప్టెంబరు 21, ఆదివారం

ఇల్లంతా కలిసి లిస్టు మీద కూర్చున్నాం. నాన్న రెండేసి పేర్లు చదివాడు, నేను చెప్పాను. రూలు ఒకటే: ప్రశ్న పూర్తయ్యేదాకా నేను నోరు మెదపకూడదు. నానమ్మ కాపలా. మధ్యలో రెండుసార్లు మొట్టికాయ పడింది.

ఎగిరి అందుకోవాల్సినవి రెండు వచ్చాయి. అందులో ఒకటి రైల్లో ఒక రోజంతా ప్రయాణం. ఆ పేరు దగ్గర అందరం ఆగిపోయాం. నాన్న అమ్మవైపు చూశాడు.

"దూరమే" అంది అమ్మ. "నువ్వు వెళ్తే నేను ఏడుస్తాను, అది వేరే సంగతి. రాయి."

"నువ్వెందుకు ఏడుస్తావు, నేనున్నానుగా" అంది నానమ్మ.

"అందుకే అత్తయ్యా" అంది అమ్మ. నానమ్మే ముందు నవ్వింది.

చేయి చాస్తే అందేవి నాలుగు. కొండమీది కాలేజీ అన్నిటికన్నా పైన. నది పక్క కాలేజీ తీసేశాను, కాస్త బాధగానే. బోర్డు దగ్గరగా ఉండటం తప్ప నాకు అక్కడ నచ్చిందేదీ లేదని తేలింది.

చేతిలో ఉన్నవి రెండు కావాలి. ఒకటి సులువుగానే దొరికింది. ఇక మిగిలింది ఒకే చోటు. నాన్న నెమ్మదిగా, మాట మాటకీ ఆగి అడిగాడు.

"కంటి కాలేజీయా, టౌను కాలేజీయా?"

ఆగాను. నిజంగానే రెండూ చూశాను. కంటి కాలేజీలో నాన్న కుర్రాడిగా తిరిగిన వరండా ఉంది. అది నాకు ఇష్టమే. టౌను కాలేజీలో పెద్ద లైబ్రరీ ఉంది, అన్ని శాఖలూ ఉన్నాయి, సాయంత్రానికి ఇంటికి రావచ్చు, శనివారం కార్డులు రాయొచ్చు. మిగతావన్నీ కాదన్నా అక్కడికి నవ్వుకుంటూ వెళ్ళగలను.

"టౌను కాలేజీ" అన్నాను.

నాన్న పెన్ను తీసుకుని కంటి కాలేజీ మీద గీత గీశాడు. నేను ఆయన మొహంలోకే చూస్తున్నాను. ఇంతకుముందు గదిలో ఆ చివర ఉంటే ఆయన నవ్వుతున్నాడో లేదో గొంతుని బట్టి ఊహించుకునేదాన్ని. ఇప్పుడు కళ్ళజోడు ఉంది. నిజంగానే నవ్వుతున్నాడు.

సెప్టెంబరు 24

టౌను కాలేజీ లైబ్రరీలో సాయంత్రమంతా కూర్చుని వచ్చాను. చేతిలో ఉన్నదాన్ని ఒకసారి పట్టుకుని చూద్దామని.

సెప్టెంబరు 29

ఇచ్చేశాను!

జల్లెడ మేడమ్ ఒక్కో పేరు మీదా వేలు పెట్టి "ఇదెందుకు?" అన్నారు. ఎనిమిదింటికీ చెప్పాను. ఎక్కడా చెట్లు అనలేదు. ఒకచోట మాత్రం చెట్లు కూడా అన్నాను. ఒక్క పేరూ తీయలేదు. సబ్జెక్టు గడిలో నేను రాసింది చూసి కనుబొమలు ఎత్తారు. "నిర్ణయించుకోలేదు" అని గుండ్రంగా, చివరి వరుసలో కూర్చున్నవాళ్ళకు కూడా కనబడేలా రాశాను.

"అన్నీ బాగున్నాయి" అన్నారు. "మాటవరసకి అడుగుతున్నాను. కొండమీది కాలేజీలోనూ, ఆ రైలు ప్రయాణం కాలేజీలోనూ సీటు వచ్చిందనుకో. ఏది ఎంచుకుంటావు?"

మాట పూర్తి కానిచ్చాను. రెండింటినీ చూశాను. మళ్ళీ చూశాను.

"రెండూ ఒకేలా ఉన్నాయి మేడమ్."

"అంటే ఇంకా తేలలేదన్నమాట."

"లేదు మేడమ్, అయిపోయింది" అన్నాను.

ఆవిడకు ఏమర్థమైందో తెలియదు. స్టాంపు మాత్రం వేశారు.

బయటికొస్తే బస్సు మలుపు తిరుగుతోంది. అంత దూరంనుంచే నంబరు కనబడింది. కొత్త పెయింటు, పెద్ద పెద్ద అంకెలు. రోడ్డు అంచుకి వెళ్ళి చెయ్యెత్తాను. బస్సు నా ముందు ఆగింది. డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"ఏంటి పాపా, ఇవాళ నువ్వే ఆపావా! వర్షం పడేట్టుంది."

"కళ్ళజోడు బాబాయ్!"

"బాగుంది. ఇంతకీ ఏం చదువుతున్నావు? మీ నానమ్మ అడగమంది."

"తెలియదు" అన్నాను. నవ్వుకుంటూ ఎక్కి, కావాలనే వెనక సీటు దాకా వెళ్ళి కూర్చున్నాను. అక్కడినుంచి ముందు అద్దంలోంచి రోడ్డు మొత్తం కనిపిస్తోంది.